అటక మీద ఆవిడ

గాథిక్ రొమాన్స్ అంటే నాకు మొదట్నుంచీ ఎలర్జీ. చీకటి బంగళా, అర్ధరాత్రి నవ్వులు, ముభావంగా ఉండే యజమాని, అతన్ని ప్రేమించే పేదపిల్ల. ఈ సరంజామా కనపడగానే పుస్తకం మూసెయ్యాలనిపిస్తుంది. అలాంటిది షార్లెట్ బ్రాంటీ 1847లో అచ్చు వేయించిన 'జేన్ ఎయిర్'ని చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని వదలకుండా చదివాను. చుట్టూ అందరూ గ్రూప్స్ కోసం పాలిటీ, ఎకానమీ బట్టీ కొడుతుంటే, నేనేమో రోచెస్టర్ పెళ్లి అవుతుందా లేదా అని పేజీలు తిప్పుతున్నాను.

నవల బాగుంది. ఆ మాట అనడానికి ఇబ్బందేం లేదు. ఆ బాగుండటం దేనిమీద నిలబడింది అన్న దగ్గరే ఇబ్బంది.

తల్లీతండ్రీ లేని జేన్ థార్న్‌ఫీల్డ్ హాల్‌లో ఒక పాపకి చదువు చెప్పే ఉద్యోగంలో చేరుతుంది. యజమాని రోచెస్టర్‌తో ప్రేమ, పెళ్లి దాకా వస్తుంది. సరిగ్గా చర్చిలో బయటపడుతుంది: అతనికి భార్య ఉంది. మతి చలించిన ఆ బెర్తాని మూడో అంతస్తులో తాళం వేసి ఉంచాడు. జమైకా అమ్మాయి, ముప్పై వేల పౌండ్ల కట్నంతో వచ్చింది. (కట్నం అనగానే కథ మన వీధిలోకి వచ్చేసింది.)

పెళ్లి ఆగినప్పుడు నాకు చిరాకేసింది రోచెస్టర్ మీద కాదు, బెర్తా మీద. ఈవిడ లేకపోతే బాగుండు అనుకున్నాను. బ్రాంటీ నా కోరిక తీర్చింది. బెర్తా ఇంటికి నిప్పు పెట్టి కప్పు మీంచి దూకేస్తుంది. రోచెస్టర్‌కి మరక అంటకూడదు కదా, ఆవిణ్ణి కాపాడబోయే చూపూ ఒక చెయ్యీ పోగొట్టుకుంటాడు. అడ్డొస్తున్న పాత మాడ్యూల్ ఎవరూ డిలీట్ చెయ్యకుండానే తనంతట తను క్రాష్ అయినట్టు! ఇంగ్లండ్‌లో మతి చలించడం విడాకులకి కారణంగా చెల్లింది 1937 చట్టంతోనే. అంటే ఆ ప్రేమకథకి చావు తప్ప దారి లేదు. అది తెలిశాక కూడా నా కోరిక నాకు తేలికగా అనిపించలేదు.

"పాత నవలకి ఇప్పటి కొలతలేంటి" అన్నాడొక ఫ్రెండ్. ఇంకొకావిడ జీన్ రీస్ 1966లో బెర్తా జీవితాన్ని ఊహించి రాసిన 'వైడ్ సర్గాసో సీ' చదవమంది. చదివాను, గొప్ప పుస్తకం. కానీ అక్కడ బెర్తా మీద జాలి పడటం సులువు, కథే ఆవిడది. బ్రాంటీ దగ్గర అలా కాదు. జేన్ మంచిది, కష్టపడింది, సుఖపడాలి. ఇంత మంచి మనసుతోనే నేను ఇంకో మనిషి చావుకోసం ఎదురుచూశాను. ఈ సంగతి నాకు చెప్పింది రీస్ కాదు, నేను ఎలర్జీ అనుకున్న ఈ రొమాన్సే, అదీ నన్ను అంతగా ఆనందపెట్టబట్టే.

తర్వాత కాచిగూడ నవోదయలో యద్దనపూడి 'సెక్రటరీ' కొన్నాను. అభిమానవతి జయంతి, డబ్బున్న రాజశేఖరం. పొందిక దాదాపు అదే, హాయిగా చదివించింది. కాకపోతే అక్కడ మేడ ఉంది గానీ అటక లేదు. జయంతి సుఖపడాలని కోరుకోడానికి నాకేమీ ఖర్చవలేదు.

జేన్‌కి ఖర్చయింది. పెళ్లి ఆగిన రోజు రోచెస్టర్ భార్యని తిడుతుంటే, పిచ్చి ఆవిడ తప్పు కాదు కదా, ఇంత ద్వేషం క్రూరం అంటుంది. ఆ స్థితిలో ఆ మాట అనగలగడం నాకు ప్రేమ సన్నివేశాలన్నిటికంటే పెద్దగా కనిపించింది. తెల్లారేలోపు పర్సులో ఇరవై షిల్లింగులతో ఇల్లు వదిలి వెళ్లిపోతుంది. వెళ్లేముందు పై అంతస్తు వైపు మాత్రం వెళ్లదు.