దూడ వంతు



పాడి ఉన్న ప్రతి ఇంటిలో తెల్లవారుజామున ఒక ప్రశ్న ఎదురగుచున్నది. దానిని ఎవరూ నోరు తెరచి అడుగరు. అడుగవలసిన దూడకు మాటలు రావు, పాలు పితుకువారికి తీరిక ఉండదు. అయినను చెంబు పట్టుకొని పొదుగు దగ్గర కూర్చున్న ప్రతి మనిషి దానికి ఏదో ఒక జవాబు చెప్పియే లేచుచున్నాడు. ఆ ప్రశ్న ఇది: ఈ పాలలో దూడకు ఎంత, మనకు ఎంత?

లోకములో ఇన్ని పెద్ద అన్యాయములు జరుగుచుండగా ఇదొక విషయమా అని కొందరికి తోచవచ్చును. కాని న్యాయము అనునది కోర్టులో నేర్చుకొను సంగతి కాదు. ఇంటి వెనుక కొట్టములో, పొలము గట్టున, ఎవరూ చూడని వేళ అది అలవాటగును, లేదా అలవాటు తప్పును. అడుగలేనివారికి చెందవలసినది మనము ఏ లెక్కన ఇచ్చుచున్నాము? ఈ సంగతినే ఇక్కడ కొంచెము ఆలోచింతము.

కోలారు జిల్లాలోని శ్రీనివాసపురము ప్రాంతమును మన పాఠకులలో చాలమంది ఎరుగుదురు. ఆ పల్లెలలో ఇంట తెలుగు, కచేరీలో కన్నడము అనునది తరతరములుగా వచ్చుచున్న వాడుక. ఏడాది పొడవున పారు నది ఆ జిల్లాలో లేదు. చెరువులు, లోతైన బోరుబావులు, వాన, ఇవే ఆధారము. అట్టి నేలలో మామిడి నిలిచినది. రెండు మూడు ఎకరముల తోట, అందులో తోతాపురి ఎక్కువ, కొన్ని బేనిషా, రసపురి చెట్లు. చెట్లు చిన్నవిగా ఉన్నన్నాళ్లు వరుసల మధ్య ఉలవలు, రాగులు. కొట్టములో రెండు సీమ ఆవులు. నాలుగు మేకలు, పది కోళ్లు. చిన్న రైతు కుటుంబమనగా సాధారణముగా ఇంతే.

ఈ మూడింటికి మూడు పనులున్నవి. మామిడి ఏడాదికొకసారి డబ్బు తెచ్చును. అది అప్పు తీర్చుటకు, పెండ్లికి. మేక అకస్మాత్తుగా వచ్చిన జబ్బుకు, పరీక్ష ఫీజుకు. పాలు మాత్రము రోజువారీ సంసారమునకు. అందుచేత ఇంటిల్లిపాదికి దినము పాలతోనే మొదలగును. అయిదు గంటలకు పేడ ఎత్తి, కొట్టము కడిగి, దాణా పెట్టి, పాలు పితికి, ఆరున్నరకు డెయిరీలో పోయవలెను. తరువాత గడ్డి కోత, చెట్ల పాదులు, నీరు. సాయంత్రము మరల పొదుగు దగ్గరకు. పండుగైనను, ఇంట చావైనను ఈ పని ఆగదు. ఆదివారము ఆరాధనకు పోవువారు కూడ పాలు పోసియే పోవలెను.

ఇక దూడ సంగతి. పుట్టినప్పుడు దాని రక్తములో రోగములను ఎదిరించు శక్తి దాదాపు ఉండదు. మనుష్యులలో ఆ శక్తి తల్లి గర్భములోనే బిడ్డకు కొంత అందును. ఆవుకు, గేదెకు, మేకకు అట్లు కాదు. వాటి పిల్లలకు అది ముర్రుపాలలోనే అందవలెను. అదియు మొదటి గంటలలోనే. ఒక దినము గడిచిన తరువాత దూడ పేగు ఆ శక్తిని లోనికి తీసుకొనలేదు. పాతిక ముప్పది కిలోల దూడకు దాని బరువులో పదవ వంతు, అనగా దినమునకు రెండున్నర మూడు లీటర్ల పాలు కావలెను. కాని ఆ ముర్రుపాలే మనకు జున్ను! ఇరుగుపొరుగువారు గిన్నెలు పంపుదురు, బంధువులు ఆశతో చూతురు. జున్ను పంచుట మంచి మర్యాదయే. దూడ కడుపు నిండిన తరువాత పంచినయెడల అది మర్యాద. ముందే పంచినయెడల అది ఇతరుల సొమ్ముతో చేసిన దానము.

లెక్కను దాచిపెట్టక చెప్పుకొందము. దినమునకు రెండున్నర లీటర్ల చొప్పున మూడు నెలలకు 225 లీటర్లు. లీటరు 30 రూపాయలని తక్కువలో తక్కువ వేసికొన్నను 6,750 రూపాయలు. చిన్న సంసారమునకు ఇది చిన్న మొత్తము కాదు. 2025 జూన్‌లో తోతాపురి ధర పడిపోయి, చిత్తూరు జిల్లా అధికారులు పొరుగు రాష్ట్రముల కాయను రానీయక ఆపినప్పుడు, శ్రీనివాసపురము రైతులు వీధికెక్కి తమ గోడు చెప్పుకొనిరి. అట్టి ఏడాదిలో తోట మీద పోయినది పాల మీద రాబట్టుకొనవలెనని ఎవరికైనను తోచును. అప్పుడు అన్నిటికంటె ముందు కోత పడునది ఎవరికి? దాణా కొట్టువాడు తగ్గించడు. బ్యాంకు తగ్గించదు. బడి తగ్గించదు. పలుపుకు కట్టిన దూడ ఒక్కటే ఎదురు చెప్పదు. కష్టకాలములో మన చేయి ఎవరి వంతు మీద పడుచున్నదో చూచినయెడల, మన ఇంటిలో అందరికంటె బలహీనుడెవరో తెలియును.

దూడకు ఎంత అను ప్రశ్నకు లోకములో మూడు జవాబులు వినబడుచున్నవి.

మొదటిది: ఆవు నాది, దాణా నాది, పాలు నావి, దూడకు ఇచ్చునది నా ఇష్టము. ఈ జవాబులో కొంత నిజమున్నది. పోషించినవానికి హక్కు కలదు. అయితే ఆవు తానే దీనికి ఒప్పుకొనుట లేదు. నాటు ఆవైనను గేదెయైనను దూడను వదలనిదే చేపదు. దూడ మూతి తగిలినప్పుడే పాలు దిగును. ఆ పాలు ఎవరి కొరకు పుట్టినవో ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను? ఈ సాక్ష్యమును త్రోసిపుచ్చుటకు మనుష్యులు ఎన్ని ఉపాయములు పన్నిరో చూడుడి. చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి తల్లి ముందు నిలబెట్టినవారున్నారు. ఇంజక్షను పొడిచి పాలు దింపువారున్నారు. పశువుకు హాని చేయు అట్టి పని 1960 నాటి జంతుహింస నివారణ చట్టములోనే నేరము. తల్లిని మోసము చేయనిదే దొరకని పాలు పూర్తిగా మనవేనని ఎట్లు చెప్పగలము?

రెండవది లాభము చూచువారి జవాబు: దూడకు బాగుగా పోసినయెడల అది మంచి ఆవగును గనుక పోయవలెను. ఇది తెలివైన మాట. కడుపు నిండ తాగిన పెయ్య త్వరగా ఎదుగును, త్వరగా ఈనును. కాని ఈ మాట పెయ్యదూడ వరకే పనిచేయును. కోడెదూడ పుట్టిన దినమున ఈ లెక్క నోరు మూసికొనును. లాభము ఉన్నంతవరకే నిలుచు న్యాయమును న్యాయమని పిలువలేము, అది పెట్టుబడి.

మూడవది జాలి. అయ్యో పాపము, మూగజీవి, కొంచెము వదలుదము అనునది. జాలి మంచి గుణమే. అయితే అది మన మనస్సును బట్టి పెరుగును, తరుగును. అప్పువాడు వచ్చి తిట్టిపోయిన ఉదయమున జాలి చెంబు అడుగున గూడ మిగులదు. పైగా జాలితో ఇచ్చువాడు తాను దాతనని అనుకొనును. దూడ తన తల్లి పాలు తాగుటకు మనము దాతలమా?

మన పెద్దలలో వేరొక వాడుక ఉండెడిది. నాలుగు చన్నులలో ఒకటి దూడకని వదలి, మూడు పితికెడివారు. ఆ వాడుకలోని గొప్పతనము పాల కొలతలో లేదు. దూడ వంతు ముందే నిర్ణయమైనది. ఆనాటి కోపతాపములతో, ధరలతో దానికి నిమిత్తము లేదు. మిగిలినది దూడకు కాదు, దూడ వంతు పోగా మిగిలినదే మనకు. మోషే ధర్మశాస్త్రములో కూడ ఇట్టి విధి ఒకటి కలదు: పుట్టిన దూడ ఏడు దినములు తల్లియొద్ద ఉండవలెను, ఎనిమిదవ దినము మొదలుకొని గాని అది అర్పణకు తగదు. దేవుని వంతు కూడ దూడ వంతు తరువాతనే వచ్చినప్పుడు, డెయిరీ క్యాను దానికంటె ముందు వచ్చుట న్యాయమా?

ఇక కోడెదూడ. ఇక్కడ మెత్తని మాటలు పనికిరావు. ట్రాక్టరు వచ్చిన తరువాత దుక్కికి ఎద్దు అక్కరలేదు. సీమ కోడెకు దుక్కిలో గిరాకి అసలే తక్కువ. కర్ణాటకలో 2021 జనవరి నుండి అమలులోకి వచ్చిన చట్టము ప్రకారము ఆవు జాతిని ఏ వయస్సులోను వధింపరాదు, పదమూడేండ్లు దాటిన గేదెలకే మినహాయింపు. ఆ చట్టము మంచిదా చెడ్డదా అను వాదము ఇక్కడ మా పని కాదు. అమ్మలేని, మేపలేని దూడ కొట్టములో ఉన్నప్పుడు రైతు ఏమి చేయుచున్నాడనునదే మన ప్రశ్న. కొందరు రాత్రివేళ రోడ్డు మీద వదలుదురు. కొందరు పాలు మాన్పి, ఏదో గంజినీళ్లు పోసి, అది తానే పోవువరకు చూతురు. మేము చంపలేదు అని అందురు. నిజమే, చేతితో చంపలేదు. అయితే ఆకలితో పదిహేను దినములు ఈడ్చి పోయిన ప్రాణము విషయమై చేతులు శుభ్రముగా ఉన్నవని చెప్పుకొనుట అన్నిటికంటె పెద్ద అబద్ధమని మా అభిప్రాయము.

ప్రతి కోడెను ముసలిదగువరకు మేపుడని రెండెకరముల రైతుకు బోధించుట సులభము. అట్టి బరువు అతని మీద మోపుట మాకు న్యాయముగా తోచదు. కాని రెండు సంగతులు ప్రతివాడు చేయగలడు. ఒకటి, మన కొట్టములో ఉన్నన్నాళ్లు దాని వంతు దానిదే. దానికి రేపు లేదన్నంత మాత్రమున ఈ పూట ఆకలి తగ్గదు. రెండవది, మేపగలిగినన్ని పశువులనే ఉంచుకొనుట. ఎక్కువగా పెయ్యలే పుట్టునట్టి వీర్యము ఇప్పుడు పశువైద్యశాలలలో దొరకుచున్నది. పదింటిలో తొమ్మిది వరకు పెయ్యలగును. పుట్టిన తరువాత ఆకలికి వదలుటకంటె పుట్టకముందు ఆలోచించుట మేలు. ఇంత చేసినను బాధ పూర్తిగా పోదు. పోకుండుటయే మంచిది. ఆ బాధ పోయిననాడు మనలో ఏదో మొద్దుబారినదని గుర్తు.

కొట్టములో నేర్చినది తోటలోను పనికివచ్చును. అంటు మామిడి నాటిన రెండవ ఏటనే పూత చూపును. తెలిసిన రైతు మొదటి మూడేండ్లు ఆ పూతను త్రుంచివేయును. చెట్టు ముందు వేరు పట్టవలెను, కొమ్మ గట్టిపడవలెను. క్రొత్త చెట్టు పండ్లు మూడేండ్లు తినరాదని మోషే ధర్మశాస్త్రమును చెప్పుచున్నది. పెద్ద చెట్టు ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు తగ్గును; అది చెట్టు తీసికొను విశ్రాంతి. ఆ విశ్రాంతి లేకుండ ప్రతి ఏట పూయించుటకు పాదులో పాక్లోబ్యూట్రజోల్ పోయువారున్నారు. కొలత మీరినయెడల చెట్టు గిడసబారును, మందు నేలలో చాలకాలము నిలుచును. ముఖ్యముగా తోటను ఏడాదికో రెండేండ్లకో గుత్తకు తీసికొన్నవానికి చెట్టు రేపటితో పని లేదు. చెట్టు వంతు అనగా మనుమని వంతు.

మరియొక వంతు కలదు. పేడ ఎత్తునది, గడ్డి మోయునది, పాలు పితుకునది చాల ఇండ్లలో ఇంటి ఇల్లాలు. డెయిరీ పుస్తకము మీద పేరు ఎవరిది? ఆ డబ్బు ఎవరి జేబులో పడుచున్నది? అందరు తిన్న తరువాత గిన్నెలో మిగిలినది ఆమెకు అనునది మన ఇండ్లలో మర్యాదగా చెలామణి అగుచున్నది. దూడకు మిగిలినది చాలదని ఒప్పుకొన్నవారు దీనిని మాత్రము ఎట్లు ఒప్పుకొందురు?

సహోదరీ సహోదరులారా, మనలో చాలమందికి ఇప్పుడు కొట్టము లేదు. కొందరము కార్ఖానాలలో, కొందరము రైల్వేలో, కొందరము బడులలో ఉన్నాము. అయినను అడుగలేనివారు లేని ఇల్లు లేదు, లేని కచేరీ లేదు. మంచము పట్టిన ముసలితల్లి, జీతము పెంచుమని అడుగ భయపడు పనిమనిషి, ఇంకను పుట్టని బిడ్డలు, వీరందరి వంతు మన చేతిలోనే ఉన్నది. వారి వంతును మన అవసరములు తీరిన తరువాత చూతమనుకొన్నయెడల ఆ దినము ఎన్నటికిని రాదు, ఏలయనగా మన అవసరములు తీరవు.

కనుక పాడి ఉన్నవారికి మా మనవి ఇంతే. దూడ పాలకు వేరుగా ఒక చెంబు పెట్టుకొనుడి. దానిని ముందు నింపుడి. ధర పెరిగినను తగ్గినను ఆ చెంబు మార్చకుడి. ఆ పని మీ పిల్లల చేత చేయించుడి. ఎవరూ చూడకున్నను ఆ చెంబును నింపుట చిన్నతనములో నేర్చుకొన్నవాడు పెద్దవాడై ఒకరి జీతము, ఒకరి ఆస్తి, ఒకరి ఓటు చేతికి వచ్చినప్పుడు ఏది ఎవరిదో తడుముకొనకుండ చెప్పగలడు.