పేరుకు పాలసీ

ఆనందపురం పూలమార్కెట్‌ను నమ్ముకుని ఇద్దరు అన్నదమ్ములు బతికేవారు. చుట్టుపక్కల రైతులు తెచ్చిన బంతి, చామంతి కొని, తెల్లారేలోగా విశాఖ పూర్ణా మార్కెట్‌లో దించేవారు. ఇద్దరివీ పక్కపక్క ఇళ్లు, ఒకే మేస్త్రీ కట్టినవి. ఇద్దరికీ చెరొక టాటా ఏస్.

2014 వేసవిలో రెండు బళ్ల ఇన్సూరెన్సూ గడువు తీరింది. అన్న ఏజెంటుతో, "పోలీసోడు ఆపితే చూపించడానికి కాగితముంటే చాలు. ఏది తక్కువైతే అదే రాసీ" అన్నాడు. ఏజెంటు థర్డ్ పార్టీ రాసిచ్చాడు. ఇంటి మాటెత్తితే, "లోనిచ్చినప్పుడు బ్యాంకోళ్లు కట్టించారు కదా, మళ్లీ ఏటి?" అని కొట్టిపారేశాడు. ఆ పాలసీ కాగితం ఆయన ఏనాడూ చూడలేదు.

తమ్ముడు మాత్రం ఏజెంటును గంటసేపు కదలనివ్వలేదు. "చెట్టు పడితే ఇస్తారా? తుఫానొస్తే? ఫ్రిజ్, టీవీ పోతే? ఏది ఇవ్వరో అది ముందు చెప్పండి."

వదిన నవ్వింది. "ఏటయ్యా, శకునం పలుకుతున్నావు!"

తమ్ముడు బండికి ఫుల్ ఇన్సూరెన్స్ తీసుకున్నాడు. ఇంటిని మళ్లీ కట్టడానికయ్యే పూర్తి ఖర్చుకు పాలసీ రాయించి, సామానును అందులో విడిగా చేర్పించాడు. జేబు బాగానే తేలికైంది.

అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలి. ఇళ్ల మధ్యనున్న చింతచెట్టు విరిగి ఒక కొమ్మ అన్న బండి మీద, ఇంకో కొమ్మ తమ్ముడి బండి మీద పడ్డాయి. రెండిళ్ల రేకులూ లేచిపోయాయి, గోడలు బీటలిచ్చాయి, సామాను తడిసి ముద్దయింది. గాలి ఇద్దరినీ సమానంగానే చూసింది.

ఇన్సూరెన్స్ సర్వేయరు మాత్రం అలా చూడలేదు. అన్న బండి దగ్గర నిలబడి, "థర్డ్ పార్టీ అంటే మీ బండి వల్ల ఎవరికైనా నష్టం జరిగితే వాళ్లకిచ్చేదండీ. మీ బండికి ఏమీ రాదు" అన్నాడు. పక్కవాడికి గొడుగు పట్టి తాను తడిసినట్టయింది అన్న పని.

ఇంటి లెక్క ఇంకోలా తేలింది. కట్టడం విలువ 10 లక్షలు. బ్యాంకు అప్పు మేరకు రాయించిన పాలసీ 5 లక్షలు. నష్టం 2 లక్షలు. సగం విలువకే బీమా ఉంది కనుక నష్టంలోనూ సగమే, అంటే లక్ష. అందులోనూ కొంత మినహాయింపు. సామాను ఊసే పాలసీలో లేదు.

తమ్ముడికీ అంతా రాలేదు. బండిలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగమే ఇచ్చారు. కుళ్లిపోయిన పూలకు, ఆగిపోయిన బేరానికి పైసా లేదు. అవి రావని ముందే తెలుసు కాబట్టి వాటికని కొంత డబ్బు దాచుకున్నాడు. కార్తీకం ముగిసేలోగా అతని బండి రోడ్డెక్కింది. అన్న తన పూలబుట్టలు అదే బండిలో వేసి బాడుగ కట్టాడు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు. "నాకూ ఇన్సూరెన్స్ ఉంది కదరా?"

"ఉంది అన్నయ్యా. నువ్వడిగింది పోలీసోడికి చూపించే కాగితం. అదే ఇచ్చారు."

నీతి: దేనికి వర్తిస్తుంది, ఎంతవరకు, దేనికి వర్తించదు? ఈ మూడూ తెలియకుండా తీసుకున్న పాలసీ ఒట్టి రశీదు.

1988 మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసింది ఎదుటివారి నష్టానికి బీమా మాత్రమే. సొంత బండి సంగతి మనకే వదిలేసింది. ఇంటి విషయంలో ఇప్పుడు కొంత మేలు జరిగింది. 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన 'భారత్ గృహ రక్ష' పాలసీలో, తక్కువకు రాయించారని నష్టాన్ని సగానికి కోసే లెక్క లేదు. కట్టడానికి బీమా చేస్తే, అందులో 20 శాతం మేర, గరిష్ఠంగా 10 లక్షల వరకు, ఇంటి సామానుకూ రక్షణ దానంతటదే వస్తుంది. అయినా రాయించిన మొత్తాన్ని మించి ఇవ్వరు. ఆ మొత్తాన్ని కట్టుబడి ఖర్చును బట్టి వేసుకోవాలి. స్థలం ధర అందులో కలపక్కర్లేదు, స్థలాన్ని ఏ తుఫానూ ఎత్తుకుపోదు.

అర్థం కానిది ప్రీమియం కట్టకముందే ఏజెంటును అడగాలి. ఆ తర్వాత దానికి జవాబు చెప్పేది సర్వేయరే.