పతకము దేనికి?



మా సంఘములో ఒక తల్లి కుమారుడు సైన్యములో నున్నాడు. మొన్న ఆరాధన ముగిసిన తరువాత ఆమె నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, తుపాకి పట్టిన నా బిడ్డ ప్రార్థన దేవుడు వినునా?" అని అడిగినది. వెంటనే జవాబు చెప్పలేకపోతిని. ఆ రాత్రి నాకు జ్ఞాపకము వచ్చిన ఒక సైనికుని సంగతి ఇచ్చట వ్రాయుచున్నాను.

డెస్మండ్ డాస్ అమెరికా దేశస్థుడు, సెవెంత్‌డే అడ్వెంటిస్టు విశ్వాసి. ఓడల కర్మాగారములో పని యుండుటచేత యుద్ధమునకు పోకుండ నుండుటకు అతనికి అవకాశము కలదు. అయినను 1942లో సైన్యములో చేరెను. నరహత్యను నిషేధించిన ఆజ్ఞను బట్టి తుపాకి ముట్టనని చెప్పి, గాయపడినవారికి చికిత్స చేయు పని కోరుకొనెను. తోటి సైనికులు అతనిని ఎగతాళి చేసిరి.

1945 మే నెలలో ఒకినావా ద్వీపమున నిటారైన కొండచరియ మీద ఘోర యుద్ధము జరిగెను. కాల్పులకు దళము వెనుకకు దిగిపోగా, డాస్ పైననే నిలిచి, గాయపడినవారిని ఒక్కొక్కరిని అంచుకు చేర్చి, త్రాడు కట్టి క్రిందికి దించెను. వారు 75 మంది అని ప్రభుత్వ ప్రశంసాపత్రము చెప్పుచున్నది. 50కి మించి యుండరని అతడనుకొనెను.

కొన్ని దినములకు గ్రెనేడు పేలి అతని కాళ్లు గాయపడెను. మోసికొని పోవుచుండగా, తనకంటె విషమస్థితిలో నున్న వేరొకని చూచి, స్ట్రెచరు దిగి దానిని వానికిప్పించెను. పిమ్మట తూటా తగిలి చేయి విరుగగా, తుపాకి మడమను బద్దగా కట్టుకొని ప్రాకుచు చికిత్సా స్థలమునకు చేరెను. 1945 అక్టోబరు 12న అధ్యక్షుడు ట్రూమన్ అతనికి మెడల్ ఆఫ్ ఆనర్ అను అత్యున్నత పతకమునిచ్చెను.

ఇది విని, తుపాకి పట్టనివాడే నీతిమంతుడని మనము తొందరపడి తీర్పు తీర్చరాదు. డాస్ ఆ చరియ ఒంటరిగా ఎక్కలేదు. తుపాకులు పట్టినవారితోనే ఎక్కెను. వారిలో అనేకులు తిరిగి రాలేదు, పతకమును పొందలేదు. అతడు వారిని తృణీకరింపలేదు; తనను ఎగతాళి చేసిన దళము కొరకే ప్రాణమునకు తెగించెను. బాప్తిస్మమిచ్చు యోహాను కూడ సైనికులను కొలువు మానుడనలేదు. ఎవరిని బాధింపక, జీతముతో తృప్తిపడుడని బోధించెను (లూకా 3:14). అయినను ఆజ్ఞ బరువు తగ్గినదని నేననను.

ధైర్యము మాత్రమే సద్గుణము కాదు. బందిపోటునకును ధైర్యముండును. ఎవరి కొరకు అనునదే ప్రశ్న.

దావీదు ఒకమారు బేత్లెహేము బావి నీళ్లను ఆశించెను. ముగ్గురు శూరులు శత్రువుల దండులో చొరబడి తెచ్చిరి. దావీదు త్రాగలేదు. అది వారి ప్రాణముల వెల యని యెంచి యెహోవా సన్నిధిని పారబోసెను (2 సమూ. 23:15-17). పతకమును చూచినప్పుడు మనమును అట్లే యెంచవలెను. అది గర్వముతో త్రాగవలసిన నీరు కాదు. ఇంటికి రాని వారిని తలంచి దేవుని యెదుట తల వంచవలసిన గురుతు.

మరుసటి ఆదివారము ఆ తల్లితో ఇట్లంటిని: "అమ్మా, దేవుడు వినును. నీ బిడ్డ ఎదుటివానిని ద్వేషింపకుండునట్లును, పడినవానిని విడువకుండునట్లును ప్రార్థించుము. పతకము వచ్చిన రానిమ్ము, రాకున్న పోనిమ్ము."

యుద్ధము లేని మన గ్రామములోను పడియున్నవారు కలరు. మన స్ట్రెచరు దిగి చోటిచ్చుటకు మనము సిద్ధమేనా?