చవకగా వచ్చే మొదటి సంపుటం

నెల్లూరు జిల్లాలో మర్రిపాడు, ఉదయగిరి, ఆత్మకూరు వైపు మెట్ట ఊళ్ళలో ఇంగ్లీషు ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ చదవాలనుకునేవాళ్ళకు అచ్చు పుస్తకం కన్నా ఫోన్లోకి దిగే ఈ-బుక్కే దగ్గర. అందులోనూ ముందు కంటబడేది ధర తగ్గించిన మొదటి సంపుటం. మొదటిది చవకగా ఇచ్చి తక్కినవి పూర్తి ధరకు అమ్మడం పాత పద్ధతే. అమెరికాలో బేన్ ప్రచురణ సంస్థ 1999లోనే, రచయిత ఎరిక్ ఫ్లింట్ చొరవతో, కొన్ని నవలల్ని ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. చదివినవాళ్ళు మిగతావి కొంటారన్న లెక్కను దాచుకోనూ లేదు. భగవద్గీత పదిహేడో అధ్యాయం ప్రకారం ప్రతిఫలం ఆశించి ఇచ్చేది రాజస దానం. కానీ అమ్మేవాడు దానం చేస్తున్నానని ఎక్కడా అనలేదు కాబట్టి ఆ తప్పు అతనికి అంటదు. ధర్మసందేహం వచ్చేది ‘సగం ధరకే వస్తోంది, తీసుకో’ అనే స్నేహితుడి విషయంలో. అందులో అతనికి పైసా లాభం లేదు, అందుకే అతని మాట నమ్ముతాం. ఆ నమ్మకం ఉన్నచోట ధర ఒక్కటే చెప్పి ఊరుకుంటే సరిపోదు. మొదటి సంపుటాన్ని చదవమన్నవాడు మొత్తం వరుసకు పూచీ పడుతున్నట్టే.

అసంపూర్తి రచన చదివితే నష్టమేమిటి, నన్నయ భారతం అరణ్యపర్వం మధ్యలోనే ఆగలేదా అని నెల్లూరువాళ్ళే అడగొచ్చు. నిజమే. పదమూడో శతాబ్దంలో ఇక్కడి తిక్కన విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు రాశాడు గాని ఆ ఖాళీ జోలికి పోలేదు. దాన్ని ఎర్రన పూరించేసరికి పద్నాలుగో శతాబ్దం వచ్చింది. అంతకాలం ఎవరూ మోసపోలేదు, ఎందుకంటే కథ అందరికీ తెలిసిందే, జనం వెతుక్కున్నది కవిత్వాన్ని. నేటి ఫాంటసీలో ముగింపు తాళం రచయిత ఒక్కడి దగ్గరే ఉంటుంది. రాబర్ట్ జోర్డాన్ 1990లో మొదలుపెట్టిన ‘వీల్ ఆఫ్ టైమ్’ పూర్తి కాకుండానే 2007లో చనిపోయాడు. బ్రాండన్ శాండర్సన్ దాన్ని పద్నాలుగో సంపుటంతో ముగించింది 2013లో. పాఠకులకు మరో ఎర్రన దొరకడం అదృష్టమే, అన్నిటికీ దొరకడు.

పోయేది వంద రూపాయలేగా, నచ్చకపోతే మానేస్తాడు అన్నది రెండో మాట. నచ్చనివాడి సంగతి సరే. చిక్కంతా నచ్చినవాడికే. కథ కీలకమైన చోట తెగిపోతే రెండో సంపుటం ధరను అతను నింపాదిగా బేరీజు వేసుకోలేడు. కోరిక ముందు పుట్టి, విచారణ వెనక వస్తుంది. అందుకని ముందే అన్నీ చెప్పేస్తే కొత్త రచయితల్ని ఎవరు ముట్టుకుంటారన్న అభ్యంతరానికి కొంత బలముంది, ఒప్పుకోవాలి. అయినా సంపుటాలెన్నో, వరుస పూర్తయిందో లేదో చెబితే కథ బయటపడదు. పైగా ఒంటరిగా నిలబడే మొదటి సంపుటాలూ ఉన్నాయి. 1968లో వచ్చిన అర్సులా లె గ్విన్ ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ అలాంటిది, ధర తగ్గితే నిశ్చింతగా చెప్పొచ్చు. జార్జ్ మార్టిన్ ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ 1996 నాటిది, అయిదో సంపుటం 2011లో వచ్చింది. ఆరోది ఇంకా రాలేదన్న సంగతి చెప్పాకే దాని తగ్గింపు ధర చెప్పాలి.