ఆకలి మీద ఒప్పుకున్న మాట

మా ముత్తాత బకింగ్‌హామ్ కాలవ తవ్వాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. 1876లో మొదలైన కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర ఆ కాలవలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని మాదిగపల్లెల వాళ్లకి పని చూపించాడు. గట్టు మీదే వాక్యం చెప్పించాడు. విన్నవాళ్లు బాప్తిస్మం ఇమ్మన్నారు. ఇవ్వలేదాయన. గంజి కోసం వచ్చారో, క్రీస్తు కోసం వచ్చారో తేలేదెలా? ఏడాదికి పైగా ఒక్కరినీ నీళ్లలోకి దింపలేదు. కరువు తీరి, సాయం ఆగాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. మా సంఘపెద్దలకి ఆ అంకె ముద్దు. నాకు ఆయన ఆగిన కాలం గొప్పగా తోస్తుంది.

ఆకలితో ఉన్నవాడు ఒప్పుకుంటే అది ఒప్పుకోవడమేనా?

బానిసల విడుదల కథలోనూ నాకు ఇదే ప్రశ్న. ఇంగ్లీషువాళ్లు 1807లో బానిసల వ్యాపారం మానుకున్నారు. 1815లో వియన్నాలో యూరప్ రాజ్యాల చేత దాన్ని ఖండింపజేశారు. 1817లో స్పెయిన్‌కి నాలుగు లక్షల పౌండ్లు ఒప్పుకుని మరీ సంతకం పెట్టించారు. సముద్రం మీద ఓడలాపి మనుషుల్ని విడిపించారు. దాన్ని నేను తక్కువ చేయను. 1833 చట్టంలో మాత్రం పరిహారం, రెండు కోట్ల పౌండ్లు, యజమానులకి. ఇక్కడి ఈస్టిండియా కుంపిణీ ఏలుబడికి ఆ చట్టమే వర్తించదన్నారు. అప్పుడే గుంటూరు సీమలో డొక్కల కరువు. ఐదు లక్షల జనంలో రెండు లక్షల దాకా పోయారంటారు. మరుసటేడు నుంచి మారిషస్ చెరకుతోటలకి బానిసల చోట మన దేశపు కూలీలు. కోరంగి రేవులో తెలుగువాళ్లూ ఓడెక్కారు. ఐదేళ్ల ఒప్పందం, నెలకి ఐదు రూపాయలు. ఇష్టపడే ఎక్కారని కాగితం.

"అయితే ఆకలిగొన్నవాడికి పని ఇవ్వొద్దంటావా, అన్నా?" అంటాడు మా పాస్టరు. క్లౌ దొర ఇచ్చాడుగా, వెంటనే ఇచ్చాడు. కూలిని ఆపలేదు, మాట తీసుకోవడమే ఆపాడు. రేవులో కూలీ, మాటా ఒకే కాగితం మీద కట్టేశారు. తేడా అంతా అక్కడే ఉందని నా వాదన.

ఇదంతా చెప్పే నేను పర్చూరు దగ్గర కౌలుకి మిరప వేస్తాను. కోతలకి కర్నూలు వైపు నుంచి ముఠా వస్తుంది. అడ్వాన్సు మేస్త్రీకే ఇస్తాం. మధ్యలో ఎవరన్నా ఇంటికి పోతానంటే ఎలాగని మేస్త్రీని అడిగాను.

"పోనిస్తే కదండీ," అన్నాడు.

అడ్వాన్సు మానేస్తే ముఠా పక్క చేనుకి పోతుంది, కాయ చెట్టునే ఎండి రాలుతుంది. ఈ ఏడూ ఇచ్చాను.