సణుగుట పాపమా?

చదువవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 6:1–7, సంఖ్యాకాండము 27:1–11, 36:1–10



గోదావరి యొడ్డున, భద్రాచలమునకు ఎగువనున్న యొక గ్రామము నుండి కోయ సహోదరుడైన సంఘపెద్ద యొకరు మాకు ఉత్తరము వ్రాసిరి. ఆయన కుమారుడు హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఎం.ఏ. చదువుచున్నాడు. "అయ్యగారూ, మావాడు అక్కడ ఆదివాసీ విద్యార్థుల సంఘములో చేరెనట. సభలకు పోవుచున్నాడట, అర్జీలు పట్టుకొని ఆఫీసుల చుట్టు తిరుగుచున్నాడట. క్రీస్తునందు జాతిభేదము లేదని మనము నేర్చుకొంటిమి గదా. జాతి పేరు పెట్టుకొన్న సంఘములో విశ్వాసి చేరవచ్చునా? ఇశ్రాయేలీయులు అరణ్యములో సణిగి నశించిరి గదా. మావాడు చేయునదియు సణుగుటయే కాదా? తమరు ఆలోచించి జవాబు వ్రాయవలెను" అని ఆయన అడిగిరి.

ఇది ఒక్క తండ్రి ప్రశ్న కాదు. పల్లెల నుండి పిల్లలను పట్నపు చదువులకు పంపిన మన కుటుంబములలో అనేకులు ఈ మాటనే మనస్సులో పెట్టుకొని యున్నారు. గనుక ఆ పెద్దగారి యనుమతితో, పేర్లు చెప్పక, అందరి యెదుటనే జవాబు వ్రాయుచున్నాము.

మేము పనిమీద హైదరాబాదు పోయినప్పుడు ఆ యబ్బాయిని కలిసికొంటిమి. తార్నాక మెట్రో స్టేషను మెట్ల క్రింద మా కొరకు నిలిచియుండెను. తార్ అనగా తీగ, నాకా అనగా కాపలాచోటు. ఒకప్పుడు అక్కడ ముళ్లతీగ కట్టి కాపలా యుంచిరి గనుక ఆ పేరు వచ్చెనని చెప్పుదురు. నేడు ఆ కంచె లేదు. వీధుల నిండ అద్దెగదులు, మెస్సులు, పుస్తకముల దుకాణములు. కాని అబ్బాయి గది కొరకు తిరిగినప్పుడు మూడిండ్లలో ముందుగా అడిగినది అద్దె సంగతి కాదట. "మీ యింటిపేరేమి? మీరెవరు? ఏమి తిందురు?" అని అడిగిరట. నాలుగవ యింట గది దొరికెను. "తీగ తీసివేసిరి గాని నాకా ఇంకను ఉన్నదండీ" అని నవ్వెను. ఆ నవ్వులో మాకు సంతోషము కనబడలేదు.

అక్కడ నుండి నడిచి విశ్వవిద్యాలయము లోపలికి పోతిమి. 1918లో ఉర్దూ బోధనాభాషగా ఆరంభమైన విద్యాలయమది. ఆర్ట్స్ కాలేజీ యొక్క గొప్ప రాతిభవనము 1939లో తెరవబడెను. ఆ మెట్లమీద కూర్చుండి అబ్బాయి తన బాధ చెప్పెను. ఊరిలో సంఘపు పెద్దలు, "నీవు విశ్వాసివి, నీకు జాతి సంఘమెందుకు?" అనుచున్నారు. ఇక్కడ సంఘములో ఒకరిద్దరు, "నీవు చర్చికి పోవుదువు, నీవు ఆదివాసివి ఎట్లగుదువు?" అనుచున్నారు. ఒకచోట కోయవాడగుట తప్పు; ఇంకొకచోట క్రైస్తవుడగుట తప్పు. "నేను ఎక్కడివాడనండీ?" అని అడిగెను. మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. తిరిగి వచ్చిన తరువాత వేదము తెరచి ఆలోచించితిమి.

మొదట తండ్రిగారి మాటలోని సత్యమును ఒప్పుకొనవలెను. క్రీస్తు శరీరము ఒక్కటే. జాతి పేరిట గర్వము పెరుగవచ్చును, ద్వేషము పుట్టవచ్చును, నాయకులు జనుల కన్నీటిని తమ పదవులకు మెట్లుగా చేసికొనవచ్చును. ఇట్టి సంఘములను మనము చూడలేదా? కాబట్టి ఆయన భయము వట్టిది కాదు.

అయినను యెరూషలేములోని మొదటి సంఘమును చూడుడి. అప్పటికి శిష్యుల సంఖ్య పెరుగుచుండెను. అందరు ఒక్క విశ్వాసముగలవారే. అయినను ప్రతిదినము ఆహారము పంచిపెట్టుచోట గ్రీకుభాష మాటలాడువారి విధవరాండ్రకు అందవలసినది అందలేదు. అప్పుడు సణుగుడు పుట్టెను. అపొస్తలులు ఏమి చేసిరి? "క్రీస్తునందు భాషాభేదము లేదు, నోరు మూసికొనుడి" అనలేదు. ఈ సణుగుడు లేపినవాడెవడని విచారణ పెట్టలేదు. శిష్యులనందరిని పిలిచి, ఏడుగురిని ఏర్పరచుకొనుడని చెప్పిరి. ఏర్పడినవారి పేర్లు చదువుడి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నికొలాసు. అన్నియు గ్రీకు పేర్లే! వారిలో ఒకడు అంతియొకయనుండి వచ్చి యూదుల మతములో చేరినవాడు. ఎవరికి అన్నము అందలేదో వారి భాషవారి చేతికే గరిటె వచ్చెను. దానివలన సంఘము చీలెనా? లేదు. ఏడవ వచనము చూడుడి: వాక్యము ప్రబలెను, శిష్యుల సంఖ్య ఎక్కువాయెను.

మరి అరణ్యములోని సణుగుటకును దీనికిని భేదమేమి? అక్కడివారు తమ కడుపు కొరకు, ఐగుప్తులోని మాంసపు కుండల కొరకు, తిరిగి దాస్యమునకు పోవలెనని సణిగిరి. ఇక్కడివారు నోరులేని విధవరాండ్ర కొరకు సణిగిరి. కాబట్టి సణుగుడు వినబడినప్పుడు మనము అడుగవలసిన మొదటి ప్రశ్న, "ఎవరు సణుగుచున్నారు?" అనునది కాదు, "ఎవరి రొట్టె అందలేదు?" అనునది.

ఈ ప్రశ్నను మన దేశపు కొండలలో అడిగి చూచెదము. 1940లో ఆదిలాబాదు అడవులలోని జోడేఘాటులో కొమురం భీము చంపబడెను. గోండులు తరతరములుగా దున్నిన భూమికి పట్టాలు లేకపోయెను. మొర వినువాడు లేకపోయెను. ఆ పిమ్మట నిజాము ప్రభుత్వము హైమన్‌డార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు పండితుని వారి స్థితి పరిశీలించుటకు పంపెను. ఆయన గోండులతో నివసించి, వారికి పట్టాలు ఇయ్యవలెననియు, వారి భాషలోనే చదువు చెప్పవలెననియు ప్రభుత్వమునకు చెప్పెను. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు తరిఫీదు ఆరంభమాయెను. తరువాత ఆయన ఈ ఉస్మానియాలోనే ఆచార్యుడుగా పనిచేసెను. 1987లో మరణించిన ఆయన భార్య సమాధి మార్లవాయిలో నున్నది. గోండులు నేటికిని వారిని ప్రేమతో తలంచుకొందురు. ఒక పరదేశి మరియొకరి పక్షమున నోరు తెరచుట మంచిదే. సామెతల గ్రంథము 31వ అధ్యాయములో రాజునకు వచ్చిన యాజ్ఞయు అదియే.

కాని ఒకడు ఎల్లకాలము ఇతరుల నోటితో మాటలాడవలెనా? సెలోపెహాదు కుమార్తెలను జ్ఞాపకము చేసికొనుడి. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను ఐదుగురు అక్కచెల్లెండ్రు తామే మోషే యెదుట నిలిచి, కుమారులు లేనందున మా తండ్రి పేరు ఏల మాసిపోవలెను, మాకు భూమి ఇయ్యుడని అడిగిరి. దేవుడు వారిని గద్దింపలేదు. వారు చెప్పినది న్యాయమని పలికెను. భూమి కొరకు అడిగిన మొర ఒకటి దేవుని ధర్మశాస్త్రములో చట్టమాయెను!

ఏజెన్సీలో నుండు మన వారికి ఇది దూరపు సంగతి కాదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనకు 1970లో వచ్చిన సవరణను, అనగా మీరు 1/70 చట్టమని పిలుచుదానిని, మీరెరుగుదురు. గిరిజనుని భూమి గిరిజనేతరుని చేతికి పోకుండ అది అడ్డుపడెను. ఏజెన్సీలోని ప్రభుత్వ భూములను గనుల కొరకు గిరిజనేతరులకు కౌలుకిచ్చుట చెల్లదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ వ్యాజ్యము వేసినది విశాఖ ఏజెన్సీలో పనిచేయు సమత అను సంస్థ. ఏజెన్సీ బడులలో ఉపాధ్యాయ పదవులన్నియు స్థానిక గిరిజనులకే ఇయ్యవలెనను 2000 నాటి 3వ నంబరు జీవోను 2020లో అదే కోర్టు కొట్టివేసెను. ఆ యబ్బాయి అర్జీ పట్టుకొని తిరిగినది దీని కొరకే. తన ఊరి బడిలో కోయ మాట తెలిసిన పంతులు ఉండవలెనని అడుగుట మాంసపు కుండల కొరకు సణుగుటయా? తండ్రిగారే చెప్పవలెను.

మొర వినబడనప్పుడు ఏమగునో కూడ మనకు తెలియును. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో తమ భూముల కొరకు సభగా కూడవచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపిరి. 13 మంది చనిపోయిరని ప్రభుత్వము చెప్పెను. ఇంకను చాలమంది యని ఆదివాసులు చెప్పుచున్నారు. యెరూషలేములో సణుగుడు వినబడగా ఏడుగురు పరిచారకులు లేచిరి. ఇక్కడ వినబడక స్తూపము లేచెను.

ఇక అబ్బాయిని "నీవు ఆదివాసివి ఎట్లగుదువు?" అని అడిగినవారికి ఒక మాట. మతము మారినవారిని షెడ్యూల్డు తెగల జాబితా నుండి తీసివేయవలెనని కొందరు కోరుచున్నారు. కాని తెగల విషయమై 1950లో వచ్చిన ఉత్తర్వులో మతపు షరతు లేదు. తల్లి పాడిన కోయ జోలపాట బాప్తిస్మపు నీళ్లలో కొట్టుకొనిపోదు. దుమ్ముగూడెములో మిషనరీల పని 1860ల కాలములో ఆరంభమైనది. నాటి నుండి కోయ విశ్వాసులు కోయలుగానే ప్రభువును కొలుచుచున్నారు.

షెడ్యూల్డు కులముల విషయమట్లు కాదు. 1950 ఆగస్టు 10 నాటి ఉత్తర్వు హిందువులకు మాత్రమే ఆ గుర్తింపు నిచ్చెను. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేర్చబడిరి. దళిత క్రైస్తవులు ఇంకను వెలుపలనే యున్నారు. ఈ పత్రిక చదువువారిలో అనేకులకు ఇది స్వంత గాయము. మన సంఘములు ఎన్ని అర్జీలు వ్రాసెను, ఎన్ని ఊరేగింపులు చేసెను! అప్పుడు దానిని మనము న్యాయమంటిమి. మన అర్జీ న్యాయము, కోయ విద్యార్థి అర్జీ సణుగుడు అనవచ్చునా? రెండు తూనికరాళ్లు ప్రభువునకు హేయము.

అయితే అబ్బాయికిని ఒక హెచ్చరిక చెప్పవలసియున్నది. ప్రతి చిన్న గుంపులోను ఇంకను చిన్న గుంపు ఒకటి యుండును. షెడ్యూల్డు కులములలో కొందరికే ఫలము అందుచున్నదని మాదిగలు 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడి గ్రామములో దండోరా మ్రోగించిరి. 2004లో సుప్రీంకోర్టు వర్గీకరణను కాదనెను. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము దానిని అంగీకరించెను. 2025లో తెలంగాణలో 59 కులములను మూడు గుంపులుగా విభజించిరి. మన చర్చిబల్లలమీద మాలలు, మాదిగలు ప్రక్కప్రక్కన కూర్చుందురు. వారిలో ఒకరికి ఇది న్యాయముగాను, ఒకరికి నష్టముగాను తోచును. తీర్పు చెప్పుట మా పని కాదు. కాని ఆ రెండు గుంపుల వెనుక, ఆ జాబితా అడుగున, మనకు పేరైనను తెలియని చిన్న కులములు ఉన్నవను సంగతి ఆ వ్యాజ్యము మనకందరికి చూపెను.

తెగలలోను అట్లే. గోండుల వంశకథలు కిక్రీ వాయించుచు పాడు తోటీలున్నారు, కొలాములున్నారు, చెంచులున్నారు, కొండరెడ్లున్నారు. తమ్ముడా, మీ సభలో తోటీ బిడ్డకు కుర్చీ ఉన్నదా? ఆలాగే లంబాడీలు 1976లో తెలంగాణ ప్రాంతమున తెగల జాబితాలో చేరిరి. వారికిని ఆదివాసులకును 2017 నుండి తగవు పెరిగినది. ఆ తగవు పార్లమెంటును న్యాయస్థానములును తీర్చవలసినది. అయితే సెలోపెహాదు కుమార్తెల కథ 27వ అధ్యాయముతో ముగియలేదు. 36వ అధ్యాయములో గిలాదు పెద్దలు ఎదురు మొరతో వచ్చిరి. మోషే వారి మాటయు న్యాయమని చెప్పి, ఇరువురికి చోటు చేసెను. నీ జనుల కొరకు పోరాడుము. తరగతిలో నీ ప్రక్కన కూర్చున్న లంబాడీ స్నేహితునితో అన్నము తినుట మానకుము.

కాబట్టి పెద్దగారూ, మా జవాబు ఇది. మీ కుమారుని చేరనియ్యుడి. అతనికొరకు ప్రార్థించుడి. ఎస్తేరును దేవుడు రాజనగరుకు చేర్చినది నగరులో దాగియుండుటకు కాదు గదా. తల్లిదండ్రులు విప్పపువ్వు ఏరి, తునికాకు కట్టలు కట్టి పంపిన డబ్బుతో ఆ రాతిభవనము ఎక్కిన బిడ్డ, ఊరివారికి బదులుగా ఒక్క మాట చెప్పకూడదా? అతడు ఆ సభనుండి ద్వేషము నేర్చుకొని వచ్చినయెడల గద్దింపుడి. న్యాయము నేర్చుకొని వచ్చినయెడల సంఘములో అతనికి చోటియ్యుడి.

చివరిగా మనలో మనము ఒక లెక్క చూచుకొందము. వచ్చే నెల మీ గ్రామపు కమిటీ కూడినప్పుడు అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయము బిగ్గరగా చదువుడి. చదివి, ఒకరి ముఖము ఒకరు చూచి అడుగుడి: మన కమిటీలో ఏ పేటవారు లేరు? ప్రభువు బల్లయొద్ద ఎవరు ఎల్లప్పుడు వెనుక నిలుచుచున్నారు? మన సమాధుల తోటలో ఎవరి మూల ఎక్కడ? కోయ అవ్వకు అర్థమగు భాషలో ప్రసంగము విని ఎన్నాళ్లాయెను? జవాబు వచ్చినప్పుడు, "మనమందరము ఒక్కటే గదా" అని త్వరపడి ప్రార్థనతో ముగింపకుడి. మనము ఒక్కటేయన్నది నిజమైనయెడల, ఆ అవ్వ చేతికి కూడ రొట్టె అందియుండవలెను.

సణుగువారిని దండింపక వారి మాట వినిన సంఘము పెరిగెనని లేఖనము సాక్ష్యమిచ్చుచున్నది. మన సంఘములకును ఆ చెవిని ప్రభువు దయచేయును గాక. ఆమేన్.