పొగ లేదు సరే, మరి లోపలి నిప్పు?

 

కార్తీక మాసంలో, టోక్యోలో ఉద్యోగం చేసుకుంటున్న మన తెలుగు తమ్ముడు ఒకరు నాకు మెసేజ్ పెట్టాడు. మాల వేసుకుని నాలుగు రోజులైందట. "స్వామీ, దీక్షలో సిగరెట్ ముట్టుకోకూడదని తెలుసు. కానీ నా దగ్గరున్నది సిగరెట్ కాదు, హీటెడ్ టొబాకో డివైజ్. పొగ రాదు, బూడిద లేదు, వాసన కూడా తక్కువే. వాడొచ్చా?" అని అడిగాడు.

నవ్వకండి. నిజాయితీగా అడిగాడు. అందుకే ముందు ఆ వస్తువు ఎలా పనిచేస్తుందో తెలుసుకున్నాను.

ఫిలిప్ మోరిస్ కంపెనీ 2014లో జపాన్‌లోని నగోయాలో, ఇటలీలోని మిలాన్‌లో ఐకాస్ అనే పేరుతో అమ్మడం మొదలుపెట్టిన తరహా డివైజ్ ఇది. చూడ్డానికి లావుపాటి పెన్నులా ఉంటుంది. ప్రాసెస్ చేసిన పొగాకు ఉన్న చిన్న స్టిక్‌ను అందులో గుచ్చుతారు. లోపలి బ్లేడు దాన్ని సుమారు 350 డిగ్రీల వరకు వేడి చేస్తుంది. సిగరెట్ కొస 600 డిగ్రీలు దాటి మండుతుంది. ఇక్కడ మంట ఉండదు, వేడే. తర్వాత వచ్చిన మోడల్స్‌లో ఆ బ్లేడు కూడా లేదు, మన వంటింటి ఇండక్షన్ స్టవ్ పద్ధతే. దాదాపు 6 నిమిషాలో, 14 పఫ్‌లో అయ్యాక దానంతట అదే ఆగిపోతుంది.

తెలివైన డిజైనే. మంట లేదు కాబట్టి సిగరెట్ పొగలో ఉండే చాలా విషపదార్థాలు తగ్గుతాయి. అది ఒప్పుకోవాలి. కానీ తగ్గడం వేరు, లేకపోవడం వేరు. అలవాటు చేసే నికోటిన్ అందులోనూ ఉంది. మన దేశంలో అయితే 2019 చట్టం ఈ-సిగరెట్లతో పాటు వీటి తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని కూడా నిషేధించింది.

ఇప్పుడు అసలు మాటకి వద్దాం. భగవద్గీత మూడో అధ్యాయంలో అర్జునుడు అడుగుతాడు: ఇష్టం లేకపోయినా మనిషి చేత తప్పు చేయించేది ఏమిటి అని. కోరిక అంటాడు కృష్ణుడు. నిప్పును పొగ కమ్మేసినట్టు అది మన వివేకాన్ని కమ్మేస్తుందట. ఎంత వేసినా నిండని నిప్పు కూడా అదేనట.

ఆ డివైజ్ బయటి పొగను తీసేసింది, నిజమే. మరి "ఇది సిగరెట్ కాదుగా" అనే మాట ఉంది చూశారా? అదే లోపలి పొగ. మిషన్ 14 పఫ్‌లకి ఆగుతుంది. మనసు ఆగుతుందా?

నేనూ ఒకప్పుడు సిగరెట్ తాగినవాడినే. రోజుకి రెండే అని లెక్క చెప్పుకుని నన్ను నేనే మోసం చేసుకున్నాను. అందుకే ఆ తమ్ముడికి వాడొచ్చనీ, వద్దనీ చెప్పలేదు. "స్వామీ, మూడు రోజులు దాన్ని బీరువాలో పెట్టి చూడు" అన్నాను.

మూడో రోజు రాత్రి జవాబు వచ్చింది. "చెయ్యి ఊరికే జేబులోకి పోతోంది స్వామీ. నేను దాన్ని వాడుతున్నానని అనుకున్నా. అదే నన్ను వాడుకుంటోంది."

మండల దీక్ష 41 రోజులు పెట్టింది ఈ ఎరుక కోసమే. మానడం కష్టంగా ఉంటే సిగ్గుపడకండి, డాక్టర్ సాయం తీసుకోండి. భగవంతుణ్ణి బలం అడగండి, మినహాయింపు కాదు.

స్వామి శరణం. వచ్చే వీడియోలో కలుద్దాం.